ఇంజను మార్చే ముందు కొలిచి చూశారా?

అంబాసిడర్ కార్ల తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అయినా ఆ కార్లు ఇంకా కనుమరుగు కాలేదు. ఏ డాక్టరుగారి ఇంటి వసారాలోనో, ఏ రైసుమిల్లు షెడ్డులోనో, ఏ తాతగారి ఊళ్ళో పశువులపాక పక్కనో గోనెపట్టా కప్పుకొని ఒకటి నిలబడే ఉంటుంది. పండక్కో పెళ్ళికో దాన్ని బయటకు తీస్తారు. ఒకనాడు అది వెనకనుంచి నీలంగా పొగ వదులుతుంది. చిన్న మిట్ట ఎక్కడానికి కూడా ఆయాసపడుతుంది. "దీని ఇంజను అయిపోయిందండీ. పీకేసి ఏ సెకండ్‌హాండు ఇంజనో పెట్టించేద్దాం" అని ఒకరంటారు. "ససేమిరా! నాన్నగారి కారు. ఉన్న ఇంజన్నే బాగుచేయించాలి" అని మరొకరంటారు. ఇద్దరూ గట్టిగానే మాట్లాడతారు. తమాషా ఏమంటే, అప్పటికి ఆ ఇంజనును ఎవరూ విప్పి ఉండరు, ఎవరూ ఏదీ కొలిచి ఉండరు.

ఈ తగువులో నాదీ ఒక పక్షం ఉంది. మొదటే చెప్పేస్తాను. బ్లాకు పగలకుండా ఉన్నంతవరకు పాత కారు ఇంజనును మార్చకూడదు, ఓవర్‌హాలింగు చేయించాలి అంటాను. పాత వస్తువు మీద మమకారంతో అంటున్న మాట కాదిది. ఆ ఇంజనును తయారుచేసినవాళ్ళే, అరిగినప్పుడు మళ్ళీ బాగుచేసుకోవడానికి వీలుగా దాన్ని తయారుచేశారు. ఎలాగో చూపిస్తాను. నా మాట చెల్లని చోట్లు కూడా ఉన్నాయి. వాటినీ దాచను.

ముందు ఆ ఇంజను సంగతి చూద్దాం. అంబాసిడర్ అంటే ఇంగ్లండులో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారుకు మన దేశపు రూపం. హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర, హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఉత్తరపారాలో 1950ల చివరినుంచి దాన్ని తయారుచేశారు. 1959లో దానికి 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను వచ్చింది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజను అది. శక్తి 50 అశ్వశక్తికి కాస్త అటూ ఇటూ. ఆ తరువాత దాదాపు మూడు దశాబ్దాలపాటు మన రోడ్ల మీద తిరిగిన పెట్రోలు అంబాసిడర్లలో ఉన్నది ఇదే.

1489 అనే అంకె ఎక్కడినుంచి వచ్చింది? కాగితం, పెన్సిలు తీసుకోండి. సిలిండరు అంటే మీ లెక్కల పుస్తకంలోని స్థూపమే. దీని లోపలి వ్యాసం 73.025 మిల్లీమీటర్లు. అందులో పిస్టన్ కిందికీ పైకీ నడిచే దూరం 88.9 మిల్లీమీటర్లు. సెంటీమీటర్లలోకి మార్చి, వ్యాసార్ధపు వర్గాన్ని 3.1416 తోనూ 8.89 తోనూ గుణించండి. 372 పైచిలుకు వస్తుంది. అలాంటి సిలిండర్లు నాలుగు. మొత్తం 1489. ఈ కాగితం పారేయకండి, మళ్ళీ పని ఉంది.

మీరు సైకిలు తొక్కేటప్పుడు మీ కాలు పైకీ కిందికీ కదులుతుంది, పెడలు మాత్రం గుండ్రంగా తిరుగుతుంది కదా? ఇంజనులోనూ అంతే. పిస్టన్ మీ మోకాలు. దానికి తగిలించిన కడ్డీ మీ పిక్క. గుండ్రంగా తిరిగే పెడలు కాడ స్థానంలో ఉన్నదాన్ని క్రాంకు షాఫ్టు అంటారు. క్రాంకు ఒక చుట్టు తిరిగేసరికి పిస్టన్ ఒకసారి దిగి ఒకసారి ఎక్కుతుంది. అంటే 177.8 మిల్లీమీటర్లు గోడను రాసుకుంటూ జారుతుంది. నిమిషానికి 2500 చుట్లు తిరుగుతోందనుకోండి. గంటకు దాదాపు 26.7 కిలోమీటర్లు! ఆ కారు సగటున గంటకు 50 కిలోమీటర్ల వేగంతో లక్ష కిలోమీటర్లు తిరిగిందంటే 2000 గంటలు నడిచినట్టు. ఆ లోపల ఒక్కొక్క పిస్టన్ జానెడైనా లేని గొట్టంలో 53 వేల కిలోమీటర్లు జారిందన్నమాట. భూమధ్యరేఖ చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు. ఇంత దూరం ఇనుము మీద ఇనుము రాసుకుంటే అరగదా మరి?

అరుగుతుంది. కాని అన్నిచోట్లా ఒకేలా అరగదు. అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

వానకు తడిసి పాచి పట్టిన అరుగు మీద వడిగా నడిస్తే కాలు జారుతుంది. కదలకుండా నిలబడితే అంత తేలికగా జారదు. వేగంగా కదిలే రెండు తలాల మధ్యకు ద్రవం చొరబడి వాటిని విడదీస్తుంది. కదలిక ఆగితే ఆ పొర పలచబడుతుంది. పిస్టన్ సిలిండరు మధ్యలో ఉన్నప్పుడు మంచి వేగంతో ఉంటుంది. దాని చుట్టూ ఉన్న రింగులకూ గోడకూ నడుమ నూనె పొర దళసరిగా ఉంటుంది. పైకొసకు చేరినప్పుడో? దిశ మార్చుకోవడానికి ఒక్క క్షణం ఆగాలి. సరిగ్గా ఆ సమయంలోనే పైన పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. మండిన వాయువుల పీడనం రింగుల వెనక్కి దూరి వాటిని గోడకేసి గట్టిగా అదుముతుంది. నూనె పలచన, వేడి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ. కాబట్టి సిలిండరు పైభాగమే ఎక్కువ అరుగుతుంది, అడుగు తక్కువ అరుగుతుంది. పైగా కడ్డీ వాలుగా నెట్టడంవల్ల పిస్టన్ ఒక పక్కకు ఎక్కువ ఒరుగుతుంది. దాంతో గుండ్రని రంధ్రం కాస్తా కోడిగుడ్డు వాటంగా మారుతుంది.

రింగు చేరుకునే చోటుకు పైన కొద్దిపాటి గోడ అరగకుండా మిగులుతుంది. హెడ్డు దింపి అక్కడ గోటితో గీరితే చిన్న గట్టు తగులుతుంది. ఎంత అరిగిందో చెప్పే మొదటి సాక్షి ఆ గట్టే. వేలి గోరు పట్టగలిగిన తేడాను ఎందరు పెద్దలు "బాగానే ఉందండీ" అని వదిలేస్తారో!

ఇప్పుడు పొగ సంగతి. పొగ కనబడగానే ఇంజను చచ్చిందనుకోవడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం లాంటిది. పొగలో రంగులున్నాయి. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువై సరిగా మండడం లేదని అర్థం. కార్బురేటరు చూస్తే చాలు. తెల్లగా ఆవిరిలా, ఇంజను వేడెక్కాక కూడా ఆగకుండా వస్తే సిలిండరులోకి నీళ్ళు చేరుతున్నాయి. చాలాసార్లు అది హెడ్డుకూ బ్లాకుకూ నడుమ ఉండే గాస్కెట్టు కాలడంవల్ల. ఇది గోటితో పోయేది, గొడ్డలి అక్కరలేదు. నీలం పొగ వస్తే నూనె మండుతోంది. ఆ నూనె కిందనుంచి రింగులు దాటి వస్తోందా, పైనుంచి వాల్వుల సందుల్లో కారుతోందా? మొదటిదయితే ఇంజనంతా విప్పాలి. రెండోదయితే హెడ్డు ఒక్కటి దింపితే సరి. పొగ ఒకటే, ఖర్చు మాత్రం ఎన్నో రెట్లు తేడా.

ఇది తేల్చడానికి ఒక చక్కని పరీక్ష ఉంది. మెకానిక్కు స్పార్కు ప్లగ్గులన్నీ ఊడదీసి, ఒక్కొక్క రంధ్రానికి పీడనమాపకం అమర్చి స్టార్టరుతో ఇంజనును తిప్పుతాడు. సిలిండరు గాలిని ఎంత గట్టిగా నొక్కగలుగుతోందో ముల్లు చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో నాలుగు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక సిలిండరులో తగ్గిందనుకోండి. అందులోకి ఒక చెంచాడు ఇంజను నూనె పోసి మళ్ళీ తిప్పుతారు. ముల్లు పైకి లేచిందా? అయితే లీకు రింగుల దగ్గర. నూనె వెళ్ళి ఆ సందును కాసేపు మూసింది. లేవలేదా? అయితే లీకు పైన వాల్వుల దగ్గరో గాస్కెట్టు దగ్గరో ఉంది, నూనె అక్కడికి చేరదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో ఒకేసారి తగ్గితే, ఆ రెంటి మధ్య గాస్కెట్టు తెగిందేమోనని మొదట అనుమానించాలి. ఒక చెంచా నూనెతో కారణాన్ని రెండుగా విడదీసిన ఈ తీరు చూడండి! సైన్సు గదిలో మీరు నేర్చుకునే పద్ధతి ఇదే. ఈ పరీక్షకు గంటసేపు కూడా పట్టదు. ఇది చేయించకుండా ఇంజను మార్చమని చెప్పేవాళ్ళ మాట నేను వినను.

సరే, పరీక్షలో రింగుల దోషమే తేలింది. ఇంజను విప్పారు. ఇక కొలతలు. అరుగుదలను అంగుళంలో వెయ్యో వంతుల్లో లెక్కపెడతారు. ఒక వెయ్యో వంతు అంటే 0.0254 మిల్లీమీటరు. మీ తలవెంట్రుక మందం ఇలాంటివి రెండు నుంచి నాలుగు దాకా ఉంటుంది. బోరు గేజి అనే పరికరాన్ని సిలిండరులోకి దింపి పైన, మధ్యన, అడుగున, మళ్ళీ అడ్డంగానూ నిలువుగానూ కొలుస్తారు. క్రాంకు షాఫ్టును మైక్రోమీటరుతో కొలుస్తారు. ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాయించుకోవాలి. కారు మాన్యువల్లో ఇచ్చిన హద్దులతో పోల్చుకోవాలి.

అరిగిన సిలిండరును ఏంచేస్తారు? మళ్ళీ గుండ్రంగా వచ్చేదాకా లోపలినుంచి కాస్త చెక్కుతారు. దీన్నే బోరు చేయించడం అంటారు. రంధ్రం పెద్దదయింది కాబట్టి పిస్టన్ కూడా పెద్దది కావాలి. తయారీదార్లు ముందే ఊహించి వెయ్యో వంతుల్లో 10, 20, 30, 40 ఎక్కువ సైజుల్లో పిస్టన్లు చేయించి పెట్టారు. ఇప్పుడు మీ కాగితం తీయండి. 40 సైజు అంటే వ్యాసం 1.016 మిల్లీమీటర్లు పెరిగి 74.041 అయింది. లెక్క మళ్ళీ వేయండి. 1531 వస్తుంది. అంటే అరిగి మూలపడ్డ ఇంజను బోరు చేయించుకొని వచ్చేసరికి పుట్టినప్పటికంటే 42 ఘనసెంటీమీటర్లు పెద్దదయింది!

40 కూడా అయిపోతే? అప్పటికీ కథ కంచికి వెళ్ళదు. రంధ్రాన్ని ఇంకాస్త పెద్దది చేసి, పోత ఇనుముతో చేసిన కొత్త గొట్టాన్ని బిగువుగా లోపలికి దింపుతారు. దాన్ని స్లీవు అంటారు. ఆ గొట్టాన్ని మళ్ళీ మొదటి 73.025 కి చెక్కితే సిలిండరు పసిపిల్ల అయిపోతుంది. క్రాంకు షాఫ్టుదీ ఇదే పద్ధతి, కాని తలకిందులుగా. దాన్ని సాన పట్టి సన్నగా చేసి, అంతమేరకు దళసరి బేరింగులు వేస్తారు. ఈ బేరింగుల లోపలి పూత కావాలనే మెత్తని లోహంతో చేస్తారు. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ అనే ఆయన కనిపెట్టిన తగరపు మిశ్రమం ఈ జాతిలో మొదటిది. నూనెలో ఇసుక రేణువు వస్తే మెత్తని లోహం దాన్ని తనలోకి కూరుకొని, ఖరీదైన షాఫ్టుకు గీత పడకుండా కాపాడుతుంది. తాను అరిగి మరొకదాన్ని కాపాడడానికే పుట్టిన భాగమది.

రింగులు, బేరింగులు, వాల్వు గైడులు అన్నీ ఇలాంటివే. అరుగుదల అంతా మార్చడానికి వీలైన చోట్లకు చేరేలా ఈ ఇంజనును రూపొందించారు. బ్లాకు, అంటే ఆ బరువైన ఇనుప దిమ్మ, దాదాపు అలాగే మిగులుతుంది. అరిగిన ఇంజను అంటే అరిగిన చెప్పులు కాదు. పదును పోయిన కత్తి. కత్తి మొద్దుబారితే సానపడతాం గాని పారేయం కదా?

పాత ఇనుము బలహీనమై ఉంటుందేమో అని మీరడగవచ్చు. ఒక సంగతి వినండి. 1983లో ఫార్ములా వన్ పందెాల్లో నెల్సన్ పికే అనే బ్రెజిల్ డ్రైవరు ప్రపంచ విజేత అయ్యాడు. ఆయన కారులోని బి.ఎం.డబ్ల్యు. ఇంజను కూడా మన అంబాసిడర్ లాగే ఒకటిన్నర లీటర్ల, నాలుగు సిలిండర్లది. బ్లాకు కూడా పోత ఇనుముదే, మామూలు కార్లలో వాడే నమూనాదే. టర్బో బిగించి దాన్నుంచి వందల అశ్వశక్తి రాబట్టారు. ఆ ఇంజన్లు తయారుచేసేటప్పుడు చాలా దూరం తిరిగిన పాత బ్లాకులను ఏరి వాడారు. కరిగించిన ఇనుము అచ్చులో చల్లారేటప్పుడు, ఒకచోట ముందు, ఒకచోట వెనక గట్టిపడి, లోపల గుంజుడు మిగిలిపోతుంది. ఎన్నో ఏళ్ళు వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ఆ గుంజుడు సద్దుమణుగుతుంది. తరువాత చెక్కిన కొలత వంకర పోకుండా నిలుస్తుంది. చింత చచ్చినా పులుపు చావదని ఊరికే అనలేదు.

అయితే బ్లాకు పగిలిందా లేదా అన్నది మాత్రం కచ్చితంగా చూసుకోవాలి. మన ఊళ్ళలో రేడియేటరులో బావినీళ్ళు, బోరింగు నీళ్ళు పోసే అలవాటు చాలాచోట్ల ఉంది. పల్నాడులోనో నల్లగొండలోనో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని సున్నపు పొర చూశారా? ఇంజను లోపల నీరు తిరిగే దారుల్లోనూ అదే పొర కడుతుంది. వేడిని బయటికి పోనివ్వదు. ఇంజను ఉడికిపోతుంది. అప్పుడు కంగారుపడి చన్నీళ్ళు పోస్తే వేడి గాజుగ్లాసు మీద నీళ్ళు పోసినట్టే, పోత ఇనుము చిట్లుతుంది. చిట్లు కంటికి కనపడకపోవచ్చు. కనిపెట్టే ఉపాయాలు మీకు తెలిసినవే. బ్లాకును అయస్కాంతంగా చేసి సన్నని ఇనుపరజను చల్లితే పగులు వెంట రజను బారు కడుతుంది. లేదా రంధ్రాలన్నీ మూసి గాలి ఎక్కించి నీళ్ళలో ముంచితే బుడగలొస్తాయి, పంక్చరు షాపులో సైకిలు ట్యూబును బేసినులో తిప్పినట్టు. పగులు సిలిండరు గోడలోనో, క్రాంకు కూర్చునే చోటో ఉంటే నేను నా పక్షం వదిలేస్తాను. అప్పుడు మరో బ్లాకు చూసుకోవలసిందే.

ఇంజను మార్చాలనేవాళ్ళ వాదన కూడా విందాం. "కంపెనీ వాళ్ళే మార్చారు కదా?" అంటారు. నిజమే. 1980లో అంబాసిడరుకు డీజెలు ఇంజను వచ్చింది. దాని శక్తి 37 అశ్వశక్తి మాత్రమే. తరువాత 1990ల తొలి ఏళ్ళలో జపాను ఇసుజు కంపెనీ నమూనా పెట్రోలు ఇంజను వచ్చింది. 1817 ఘనసెంటీమీటర్లు, 75 అశ్వశక్తి దాకా శక్తి, దానితో అయిదు గేర్లు. రోజుకు పది, పన్నెండు గంటలు తిరిగి బతుకు వెళ్ళదీసే టాక్సీవాలాకు ఇవి మేలు చేశాయి. ఆయన్ని "పాత ఇంజన్నే పట్టుకు వేళ్ళాడు" అనడం అన్యాయం. కాని కంపెనీ ఇంజను మార్చినప్పుడు దానితోపాటు గేరుపెట్టె, క్లచ్చి, ఇంజను కూర్చునే దిమ్మలు, రేడియేటరు, పొగగొట్టం అన్నీ లెక్కలు కట్టి మార్చింది. మన షెడ్డులో మార్చినప్పుడు ఎంతమంది అలా లెక్క కడతారు?

బ్రేకుల సంగతే చూడండి. 1960ల నాటి అంబాసిడరుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. శక్తిమంతమైన ఇంజను పెడితే 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారును 90తో తోలాలనిపిస్తుంది. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది. కాని గతిశక్తి వేగపు వర్గాన్నిబట్టి ఉంటుందని మీరు చదువుకున్నారు. 1.5 ను 1.5 తో గుణిస్తే 2.25. ఆ రెండుంబావు రెట్ల శక్తినంతా పాత డ్రమ్ములే వేడిగా మార్చి ఆపాలి. ఇంజను మార్పు ఇంజను దగ్గర ఆగదు అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఇక పాత సామాన్ల మార్కెట్టులో దొరికే సెకండ్‌హాండు ఇంజను. స్టార్టు చేసి వినిపిస్తారు. చప్పుడు బాగుంటుంది. దళసరి నూనె పోస్తే చాలా ఇంజన్లు కాసేపు నెమ్మదిగానే పలుకుతాయి! దాని బోరు ఎంత, క్రాంకు ఎంత సన్నబడింది, ఎన్నిసార్లు ఉడికింది, ఎవరికీ తెలియదు. తెలిసిన జబ్బును ఇచ్చి తెలియని జబ్బును కొనుక్కోవడమే కదా అది? కొంటే దాన్నీ విప్పి కొలవాలి. అలా కొలిచి కొనేవాళ్ళతో నాకు పేచీ లేదు.

పొగ కాలుష్యం మాట వచ్చినప్పుడు నా పక్షం కొంచెం బలహీనపడుతుంది. 1960ల ఇంజనును ఎంత బాగుచేసినా, 2020 ఏప్రిల్‌లో వచ్చిన భారత్ స్టేజ్ 6 నియమాలకు తయారైన ఇంజనంత శుభ్రంగా అది మండదు. నూనె తాగుతూ తిరిగేదానికంటే ఎంతో నయం, అంతే. అందుచేత హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరంలో రోజూ ఆఫీసుకు వెళ్ళడానికి ఆ కారు వాడతానంటే నేను సమర్థించను. నెలకో రెండు నెలలకో ఒకసారి బయటికి వచ్చే కారు సంగతి వేరు. అది వదిలే పొగను, కొత్త ఇంజను పోతపోయడానికి ఇనుప ఖనిజం తవ్వి, బొగ్గు కాల్చి, పన్నెండు వందల డిగ్రీల దగ్గర కరిగించడానికి అయ్యే పొగతో పోల్చి చూడాలి. కొందరు ఇంజను తీసేసి విద్యుత్ మోటారు, బ్యాటరీలు పెట్టిస్తున్నారు. రోజూ వాడే కారుకు అది మంచి ఆలోచనే. అయితే అది పాత కారును నిలబెట్టుకోవడం కాదు, పాత చొక్కా తొడిగి కొత్త కారు చేసుకోవడం. రెండూ ఒకటే అనుకోకపోతే చాలు.

బాగుచేయించడమంటే పాత లోపాలతో సహా మళ్ళీ నిలబెట్టడమని కూడా అనుకోకండి. పూర్వం పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపేవారు. ఇంజను టకటకలాడకుండా అది ఆపుతుందని 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ కనుక్కున్నాడు. ఆ సీసమే వాల్వులు కూర్చునే పీటల మీద పలచని పొరగా ఏర్పడి వాటిని అరగకుండా కాపాడేది. సీసం విషం, ముఖ్యంగా మీ వయసు పిల్లల మెదడుకు. అందుకే మన దేశంలో 2000 సంవత్సరంలో దాన్ని పూర్తిగా ఆపేశారు. ప్రపంచం మొత్తం మీద చివరిగా 2021లో అల్జీరియా ఆపింది. మంచి పనే జరిగింది, కాని పాత ఇంజను పీటలకు రక్షణ పోయింది. హెడ్డు దింపినప్పుడు గట్టి ఉక్కు పీటలు దిగ్గొట్టిస్తే ఆ చింత తీరిపోతుంది. అలాగే ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటుంది. అది పాతకాలపు రబ్బరును పాడుచేస్తుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలని కారు టాంకులో తుప్పు పట్టిస్తుంది. కాబట్టి రబ్బరు గొట్టాలు, పంపులోని పొర, కార్బురేటరు సీళ్ళు ఇథనాలుకు తట్టుకునే రకానివి వేయించాలి. అన్నీ చిన్న సామాన్లే.

చట్టం కూడా ఈ తగువులో ఒక పక్క నిలబడుతుంది. కారు రిజిస్ట్రేషను పత్రంలో ఇంజను నంబరు రాసి ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా కారును మార్చాలంటే రవాణా అధికారుల అనుమతి ఉండాలి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు వేరే నియమాలు చేసింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, మొదటి రూపంలోనే ఉండి, ఛాసిసులోగాని బాడీలోగాని ఇంజనులోగాని భారీ మార్పులు జరగని వాహనాలకే ఆ గుర్తింపు. 1965 నాటి అంబాసిడరులో వేరే కంపెనీ ఇంజను దింపినవాళ్ళు తమ చేత్తో ఆ తలుపు మూసుకున్నట్టే. ఎన్నాళ్ళకైనా తెరుచుకుందామన్నా, తీసిన ఇంజను అప్పటికే పాత ఇనుము కింద కిలోల లెక్కన వెళ్ళిపోయి ఉంటుంది.

డబ్బు మాట కూడా చెప్పాలి. బోరు, పిస్టన్లు, క్రాంకు సాన, బేరింగులు, హెడ్డు పని అన్నీ కలిపితే ఓవర్‌హాలింగు చవక కాదు. సెకండ్‌హాండు ఇంజను మొదట చవకగా కనబడుతుంది. కాని ఓవర్‌హాలింగులో ఖర్చు చేసిన ప్రతి రూపాయికీ ఒక కొలత ఉంటుంది. ఆ రూపాయిలో ఎక్కువ భాగం లేతు ముందు నిలబడ్డ మనిషికి చేరుతుంది. విజయవాడ ఆటోనగరులో నడిచి చూడండి. బోరింగు మిషన్లు, క్రాంకు సానలు, లేతులు పెట్టుకుని వెంట్రుకలో సగాన్ని చేతి వాటంతో తీయగల పనివాళ్ళు అక్కడ ఉన్నారు. వాళ్ళలో చాలామంది చిన్నప్పుడే పనిలో చేరి, చూసి చూసి నేర్చుకున్నవాళ్ళు. పాత ఇంజన్లు వాళ్ళ దగ్గరికి రావడం మానేస్తే ఆ విద్య పుస్తకాల్లో మిగలదు. నాకు అంబాసిడరు మీదకంటే ఆ విద్య మీదే ఎక్కువ బెంగ.

ఓవర్‌హాలింగు అయిన ఇంజను షెడ్డునుంచి వచ్చాక చూడవలసింది ఒకటుంది. సిలిండరు గోడల మీద ఏటవాలుగా, వలలాగా సన్నని గీతలు కావాలని గీస్తారు. నూనె నిలవడానికి. కొత్త రింగులు ఆ గీతలమీద రాసుకుని కుదురుకునేదాకా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కారును అదరగొట్టకుండా తోలి, నూనె మార్పించాలి. ఆ తీసిన నూనెను పారబోయనివ్వకండి. పెద్దవాళ్ళనడిగి కొద్దిగా ఒక తెల్లగుడ్డమీద వడకట్టించండి. మెరిసే రజను కనబడుతుంది. కింద ఒక అయస్కాంతం పెట్టి కదపండి. రజను దాని వెంట నడిస్తే అది ఇనుము. రింగులు, గోడలు ఒకదానితో ఒకటి సర్దుకుంటున్నాయి, కొద్దిగా ఉంటే భయం లేదు. రజను ఎక్కువగా ఉండి, మెరుస్తూ కూడా అయస్కాంతానికి కదలకపోతే అది బేరింగు లోహమో పిస్టన్ అల్యూమినియమో అయి ఉండాలి. కారు స్టార్టు చేయకుండా, కొలతలు రాసిన కాగితం పట్టుకుని ఆ మెకానిక్కు దగ్గరికే మళ్ళీ వెళ్ళాలి.